సిబిల్ 648 ఉంది, ఏడాదిలో హోమ్ లోన్‌కి వెళ్లాలి: ముందు దేన్ని సరిచేయాలి?

కొత్తిల్లు_ఆలోచన

నమస్కారమండీ. వచ్చే ఏడాది ఈపాటికి హోమ్ లోన్‌కి అప్లై చేయాలని ఉంది. సిబిల్ రిపోర్టు తీస్తే స్కోరు 648 చూపించింది. రిపోర్టులో ఉన్నవి ఇవీ:

మొదటి కార్డు: లిమిట్ 80,000, బాకీ 65,000. నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాను, ఆలస్యం ఎప్పుడూ లేదు.

రెండో కార్డు (వేరే బ్యాంకు): 2021లో సెటిల్‌మెంట్ అయింది. బాకీ 58,400 ఉంటే 32,000 కట్టించుకుని మూసేశారు. స్టేటస్ 'సెటిల్డ్' అని ఉంది.

పర్సనల్ లోన్: ఇంకా 14 ఈఎంఐలు ఉన్నాయి, ప్రతి నెలా 5వ తేదీన కట్ అవుతుంది. కిందటేడు మేలో 026, జూన్‌లో 025 అని డీపీడీ (గడువు దాటిన రోజుల లెక్క) పడింది. ఆ తర్వాత అన్నీ 000.

కన్జ్యూమర్ లోన్ 18,000: ఇది నాది కాదు. ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) 6,200 అని ఉంది.

ఎంక్వైరీలు (అప్పిచ్చే సంస్థలు నా రిపోర్టు తీసి చూసినవి): గత రెండు నెలల్లో 7. ఒక యాప్‌లో 'మీ అర్హత చూసుకోండి' అన్న బటన్ నొక్కాను, అంతే.

చేతిలో 30,000 ఉన్నాయి. ఇప్పుడు కడుతున్న మినిమం డ్యూ కాక నెలకు ఇంకో 10,000 పెట్టగలను. ఈ డబ్బుతో సెటిల్డ్ కార్డు తేడా కట్టేయాలా, మొదటి కార్డు తగ్గించాలా? ఇంకో పర్సనల్ లోన్ తీసుకుని కార్డు మొత్తం కట్టేస్తే నయమా? 12,000 ఇస్తే 45 రోజుల్లో 780 చేస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు వెంటపడుతున్నారు. నమ్మొచ్చా?

---

లోన్‌డెస్క్_మాజీ

చివరి ప్రశ్నకి ముందు జవాబు: వద్దు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని, నిజంగా జరిగిన సెటిల్‌మెంట్‌ని డబ్బు తీసుకుని చెరిపేసే దారి ఎవరి దగ్గరా లేదు. అప్పు ఇచ్చిన సంస్థ మార్చమంటేనే సిబిల్ మారుస్తుంది. ఏజెన్సీ చేసేదల్లా మీ పేరుతో డిస్ప్యూట్ల (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదుల) మీద డిస్ప్యూట్లు వేయడమే. అది మీరే, ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా వేసుకోవచ్చు. పైగా పాన్, ఆధార్, ఓటీపీ వాళ్ల చేతికి ఇవ్వాల్సి వస్తుంది.

ఇక అసలు పని. 648 అనే అంకెని కాసేపు పక్కన పెట్టండి. స్కోరు రిపోర్టులోంచి పుడుతుంది, సరిచేయాల్సింది రిపోర్టుని. హోమ్ లోన్ ఫైలు చూసే ఆఫీసరు కూడా స్కోరు దగ్గర ఆగడు, లోపలి పేజీలు తిప్పుతాడు. అందుకే స్కోరుకి ఎక్కువ నష్టం చేసేదేది, ఫైలుని ఆపేసేదేది అని రెండు లెక్కలు వేసుకోవాలి. అవి ఒకటే అయి ఉండాలని లేదు.

మీది కాని కన్జ్యూమర్ లోన్‌తో మొదలుపెట్టండి. ఖర్చు లేదు, గడువు ఆర్‌బీఐ పెట్టింది, ఓవర్‌డ్యూ అలాగే ఉన్నంతకాలం నెలనెలా నష్టం పెరుగుతూనే ఉంటుంది.

ముందు ఆ ఖాతా వివరాల్లో 'ఓనర్‌షిప్' గడి చూడండి. ఇండివిడ్యువల్, జాయింట్, గ్యారంటర్ అని ఏదో ఒకటి ఉంటుంది. ఎవరికో ఫోను ఈఎంఐలో ఇప్పించడానికి మీ కార్డో, పాన్‌కార్డో ఇచ్చారేమో గుర్తు తెచ్చుకోండి. సున్నా వడ్డీ ఈఎంఐ కూడా రిపోర్టులో అప్పే. 'నాది కాదు' అనుకున్నవాటిలో చాలా వాటి సంగతి ఇక్కడే తేలిపోతుంది.

నిజంగానే మీది కాకపోతే రెండు వైపులా ఒకే రోజు ఫిర్యాదు పెట్టండి. సిబిల్ సైటులో లాగిన్ అయి, రిపోర్టులో ఆ ఖాతా దగ్గర డిస్ప్యూట్ నొక్కి, 'ఈ ఖాతా నాది కాదు' అన్నది ఎంచుకోండి. రిపోర్టు మీదున్న కంట్రోల్ నంబర్ దాచుకోండి, తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అది కావాలి. అప్పు ఇచ్చిన సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్‌లో లోన్ అప్లికేషన్ కాపీ, కేవైసీ కాగితాలు, డబ్బు ఏ ఖాతాకి లేదా ఏ షాపుకి వెళ్లిందో ఆ వివరం అడగండి. మాటతో 'నాది కాదు' అంటే 'మా రికార్డు ప్రకారం సరిగానే ఉంది' అని ఒక్క లైనులో తిప్పికొడతారు. కాగితం చూపించమంటే అక్కడ దొరికిపోతారు, సంతకమో ఫోటోనో కలవదు.

ఫిర్యాదు పెట్టిన రోజు నుంచి 30 రోజుల్లో తేల్చాలి. అందులో సరిచేసిన సమాచారం పంపడానికి అప్పిచ్చిన సంస్థకి 21 రోజులు, మిగతాది క్రెడిట్ బ్యూరోకి (సిబిల్ లాంటి సంస్థకి). 30 దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, ఆలస్యం ఎవరిదైతే వాళ్లే. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదులోనే మీ బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి, తేలిన అయిదు పనిదినాల్లో అందులో వేయాలి. 'నా స్కోరు తక్కువ లెక్కేశారు' లాంటి ఫిర్యాదుకి మాత్రం ఇది వర్తించదు, తప్పు సమాచారానికే.

అప్పటికీ తేలకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారికి) పెట్టండి. 2022 సెప్టెంబర్ నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి, కాబట్టి బ్యూరో మీదా పెట్టొచ్చు, సంస్థ మీదా పెట్టొచ్చు. ఫీజు లేదు. నేరుగా అక్కడికే వెళ్తే మాత్రం తిప్పి పంపేస్తారు, ముందు సంస్థకి రాసిన ఫిర్యాదు నంబరు, తేదీ ఉండాలి.

మీ పాన్ ఎవరో వాడారని తేలితే 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ రసీదు కూడా జత చేయండి.

ఒక హెచ్చరిక. రికవరీ వాళ్లు 'ఆ 6,200 కట్టేయండి, పోతుంది' అంటారు. మీది కాని అప్పుకి రూపాయి కట్టినా అది మీదేనని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

---

వడ్డీలెక్క

కార్డు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే అసలు గాయం అక్కడే ఉంది.

మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం (స్టేట్‌మెంట్ వెనక పేజీలో ఉంటుంది, చూసి మార్చుకోండి). 65,000 మీద నెలకు 2,275. దాని మీద 18 శాతం జీఎస్టీ 409 రూపాయల 50 పైసలు. మొత్తం 2,684.50. మినిమం డ్యూ 5 శాతం లెక్కన 3,250. అంటే మీరు 3,250 కడితే అసలులో తగ్గేది 565.50 మాత్రమే. ఆ నెల పెట్రోలు ఒకసారి కొట్టించినా బాకీ మళ్లీ మొదటికే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ.

మినిమం డ్యూ కడితే డీపీడీ పడదు, నిజమే. కానీ వాడకం (లిమిట్‌లో ఎంత వాడేశారన్నది) 81 శాతం దగ్గర కూర్చుంది. 30 శాతం లోపు ఉంచమని అందరూ అంటారు. అదేమీ గోడ కాదు, 31 అయితే కొంప మునగదు, 10 అయితే ఇంకా మంచిది. మీ లిమిట్‌కి 30 శాతం అంటే 24,000.

30,000 మొత్తం ఈ కార్డుకే కట్టండి. బాకీ 35,000కి వస్తుంది. ఆ తర్వాత నెలకు 13,250 (మినిమం 3,250 + మీరు చెప్పిన 10,000), కార్డు మీద కొత్త ఖర్చు సున్నా అనుకుంటే:

మొదటి నెల: వడ్డీ, జీఎస్టీ కలిపి 1,445. కట్టాక మిగిలేది దాదాపు 23,195.
రెండో నెల: వడ్డీ, జీఎస్టీ 958. మిగిలేది 10,900 చిల్లర.
మూడో నెల: వడ్డీ, జీఎస్టీ 450. కార్డు ఖాళీ, పైన 1,900 దాకా మిగులు.

మూడు నెలల్లో అయిపోయేదానికి కొత్త పర్సనల్ లోన్ ఎందుకు? 648 స్కోరుతో, ఏడు ఎంక్వైరీలతో వెళ్తే ఇవ్వరు, ఇచ్చినా ప్రాసెసింగ్ ఫీజు, ఎనిమిదో ఎంక్వైరీ, హోమ్ లోన్ టైముకి ఇంకో ఈఎంఐ. హోమ్ లోన్ ఎంత ఇవ్వాలో లెక్కేసేటప్పుడు మీ ఆదాయంలోంచి ఆ ఈఎంఐ కూడా తీసేస్తారు. అంత వడ్డీ భరించలేం అనుకుంటే బ్యాంకులో నగలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకోవడం నయం, కార్డు వడ్డీలో మూడో వంతుకే వచ్చే అవకాశం ఉంది. కాకపోతే ఏడాదికి ఒకేసారి కట్టే రకమైతే ఆ గడువు తేదీ రాసిపెట్టుకోండి. గోల్డ్ లోన్ కూడా రిపోర్టులోకి వెళ్తుంది, గడువు దాటిన రోజు నుంచి దానికీ డీపీడీ మొదలవుతుంది.

బాకీని కార్డులోనే ఈఎంఐలుగా మార్చుకోమని బ్యాంకు ఫోన్ చేస్తుంది. వడ్డీ తగ్గుతుంది, అది మంచిదే. కానీ మిగిలిన అసలు మొత్తం మీ లిమిట్‌లో ఆక్రమించే ఉంటుంది కాబట్టి వాడకం శాతం వెంటనే పడిపోదు.

'స్టేట్‌మెంట్ తేదీకి ముందే కట్టేస్తే రిపోర్టులో బాకీ కనిపించదు' అని చాలాచోట్ల రాస్తుంటారు. సగం నిజం. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకి కనీసం రెండుసార్లు బ్యూరోలకి లెక్క పంపాలి. మీ బ్యాంకు పంపేది ఆనాటి బాకీయా, కిందటి స్టేట్‌మెంట్ బాకీయా అన్నది తెలుసుకోవడం తేలికే: రిపోర్టులో 'రిపోర్ట్ చేసిన తేదీ', దాని పక్కన బాకీ అంకె చూసి మీ స్టేట్‌మెంట్‌తో పోల్చండి. ఏది కలిస్తే అది. దాన్ని బట్టి కట్టే తేదీ పెట్టుకోండి. అక్కడే 'క్రెడిట్ లిమిట్' గడి కూడా చూడండి, ఖాళీగా ఉంటే నింపమని బ్యాంకుకి రాయండి.

కార్డు ఖాళీ అయ్యాక మూసేయకండి. నెలకి వెయ్యి రెండు వేలు వాడి పూర్తిగా కట్టేయండి. సెటిల్డ్ తేడాకి మాత్రం ఇప్పుడే డబ్బు తగలేయొద్దు. 2021 నాటిది, స్కోరు మీద దాని పట్టు చాలావరకు సడలిపోయి ఉంటుంది.

---

కొత్తిల్లు_ఆలోచన

చాలా థాంక్సండీ ఇద్దరికీ. కన్జ్యూమర్ లోన్ ఓనర్‌షిప్ 'ఇండివిడ్యువల్' అనే ఉంది, పుట్టినతేదీ నాదే కానీ చిరునామా నేనెప్పుడూ ఉండనిది. డిస్ప్యూట్ పెట్టేస్తున్నాను. సెటిల్డ్ కార్డు బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'మా సిస్టంలో బాకీ సున్నా, ఖాతా క్లోజ్ అయింది, కట్టడానికి ఏమీ లేదు' అంటున్నారు. మరి రిపోర్టులో సెటిల్డ్ అని ఎందుకుంది? ఇప్పుడేం చేయాలి? డీపీడీ గురించి ఎవరూ చెప్పలేదు, రెండు నెలలు ఎగ్గొట్టినట్టు పడింది కదా, అది పోదా?

---

లోన్‌డెస్క్_మాజీ

బాకీ సున్నా అన్నది నిజమే. మీరు కట్టని 26,400ని వాళ్లు పుస్తకాల్లో మాఫీ చేసుకున్నారు కాబట్టి సున్నా. ఆ మాఫీ పేరే 'సెటిల్డ్'. కస్టమర్ కేర్ కుర్రాడి తెర మీద ఇవేవీ కనిపించవు, అతన్ని అడిగి లాభం లేదు. కార్డుల విభాగం కలెక్షన్స్ డెస్క్‌కో, నోడల్ ఆఫీసర్‌కో రాయాలి. ఫోను వద్దు, ఈమెయిల్. ఇలా రాస్తే చాలు:

"నా కార్డు ఖాతా (చివరి నాలుగు అంకెలు ....) 2021లో 58,400 బాకీకి గాను 32,000కి సెటిల్ అయింది. సెటిల్‌మెంట్ లెటర్ కాపీ జత చేశాను. మాఫీ చేసిన మొత్తాన్ని ఇప్పుడు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. దయచేసి (1) చెల్లించాల్సిన మొత్తం ఎంతో, అందులో అసలెంత, వడ్డీ చార్జీలెంతో రాతపూర్వకంగా తెలియజేయండి. (2) ఆ మొత్తం అందాక నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చి, నాలుగు క్రెడిట్ బ్యూరోలకీ ఖాతా స్టేటస్ 'క్లోజ్డ్'గా, సెటిల్‌మెంట్, రైటాఫ్ మొత్తాలు సున్నాగా పంపుతామని ధ్రువీకరించండి. (3) చెల్లింపు చేయాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి."

రెండో అంశానికి 'అవును' అని రాతలో వచ్చేదాకా రూపాయి కదపొద్దు. డబ్బు ముందు కట్టేసి తర్వాత స్టేటస్ మార్చమంటే, తొందరపడాల్సిన పని వాళ్లకేముంది? కొన్నిచోట్ల 2021 నుంచి వడ్డీ కూడా కలిపి లక్ష దాకా అడుగుతారు. అక్కడ బేరం ఆడండి: మాఫీ చేసినంత మాత్రమే కడతాను, ఆ తర్వాతి వడ్డీ వద్దు అని. స్టేటస్ ఎలా పంపుతారన్న మాట మాత్రం బేరంలో వదులుకోవద్దు. డబ్బు బ్యాంకు పేరున్న ఖాతాకే వెళ్లాలి, ఏజెంటు ఫోన్ నంబరుకి యూపీఐ కొట్టొద్దు. ఆ బాకీని ఏ ఏఆర్‌సీకైనా (మొండి బాకీలు కొనే సంస్థకి) అమ్మేసి ఉంటే రిపోర్టులో సంస్థ పేరే మారి ఉంటుంది, అప్పుడు ఉత్తరం అటు వెళ్లాలి.

వడ్డీలెక్క గారూ, స్కోరు వరకు మీరన్నది ఒప్పుకుంటాను. పాత సెటిల్డ్‌ని క్లోజ్డ్ చేస్తే స్కోరు పెద్దగా ఎగరదు. కానీ ఈయన వెళ్తున్నది హోమ్ లోన్‌కి. 760 ఉన్నా 'సెటిల్డ్' అన్న మాట కనిపిస్తే చాలా బ్యాంకుల్లో ఫైలు పై ఆఫీసరు ఆమోదానికి వెళ్తుంది, కొన్నిచోట్ల బ్రాంచిలోనే 'ముందు అది క్లియర్ చేసుకు రండి' అంటారు. సరిగ్గా రిజిస్ట్రేషన్ తేదీ దగ్గరపడ్డాక ఆ మాట వినడం కంటే ఇప్పుడే చేసుకోవడం మేలు. బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచుతాయి, 2021 నాటిది ఏడాదిలో దానంతట అదే పోదు.

---

వడ్డీలెక్క

ఫైలు సంగతి మీకే ఎక్కువ తెలుసు, సరే. కానీ వరస మాత్రం నాదే ఉండనివ్వండి. 30,000లో 26,400 సెటిల్‌మెంట్‌కి పోతే కార్డు మీద నెలకి 2,500 పైగా వడ్డీ కారుతూనే ఉంటుంది. పైన వేసిన లెక్కలో మూడో నెలకి కార్డు ఖాళీ అవుతుంది, 1,900 మిగులుతుంది. నాలుగు, అయిదు నెలల్లో రెండు 13,250లు కలిపితే 28,400 దగ్గరికి వస్తాయి. 26,400 అక్కడినుంచి కట్టొచ్చు. బ్యాంకు ఉత్తరం ఇవ్వడానికి ఎలాగూ నెల రెండు నెలలు తిప్పుతుంది కాబట్టి ఈమెయిల్ ఈరోజే పంపండి, డబ్బు అయిదో నెలలో. కాకపోతే వాళ్లిచ్చే ఆఫర్‌కి గడువు ఉంటుంది, దాన్ని అయిదో నెలకి కలిసేలా అడిగి రాయించుకోండి.

---

లోన్‌డెస్క్_మాజీ

అలా అయితే నాకూ అభ్యంతరం లేదు. స్టేటస్ మారడానికి ఏడు నెలలు చేతిలో ఉంటాయి, చాలు.

---

రెండోసంతకం

డీపీడీ నేను చదివి చెప్తాను. మీరు రెండు నెలలు ఎగ్గొట్టలేదండీ. ఆ అంకెలే చెబుతున్నాయి.

ఈఎంఐ 5వ తేదీన. మే 5న పడాల్సింది పడలేదు. మే 31 నాటికి 26 రోజులైంది, అందుకే 026. జూన్‌లో మీరు ఒక ఈఎంఐ కట్టి ఉంటారు. అది జూన్‌కి జమ కాదు, ముందు పాత బాకీకి, అంటే మే నెలదానికి వెళ్తుంది. దాంతో జూన్ 5 ఈఎంఐ బాకీ పడింది. జూన్ 30 నాటికి 25 రోజులు, అందుకే 025. జూలైలో రెండు కలిపి కట్టేసరికి 000. ఎగ్గొట్టింది ఒక్కటే. వెనకబడిన ఈఎంఐని అదనంగా కట్టకుండా నెలకొకటి చొప్పున సమయానికి కడుతూ పోయి ఉంటే, లోన్ అయిపోయేదాకా ప్రతి నెలా పాతిక చిల్లర పడుతూనే ఉండేది. చాలామంది రిపోర్టుల్లో కనిపించే వరస డీపీడీల వెనక ఉండేది ఇదే. 'నేను ప్రతి నెలా కడుతూనే ఉన్నానుగా' అని వాదిస్తారు, అదీ నిజమే.

నిజంగా జరిగిన ఆలస్యం కాబట్టి దీన్ని డిస్ప్యూట్ చేయొద్దు, లాభం లేదు. రిపోర్టులో 36 నెలల చరిత్ర కనిపిస్తుంది, కొత్త 000లు చేరేకొద్దీ పాతవి వెనక్కి జరుగుతాయి. మీవి రెండూ 30 లోపే ఉన్నాయి, అది నయం. 30 దాటితే ఎస్ఎంఏ-1, 60 దాటితే ఎస్ఎంఏ-2 (ఇవి హెచ్చరిక మెట్లు), 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు ఈఎంఐలు కట్టి బయటపడలేం, గడువు దాటిన వడ్డీ, అసలు వాయిదాలు అన్నీ పూర్తిగా కడితేనే మళ్లీ స్టాండర్డ్ (మామూలు ఖాతా) అవుతుంది. ఏదైనా నెలలో అంకె బదులు మూడు ఎక్స్‌లు ఉంటే కంగారుపడకండి, ఆ నెల సమాచారం రాలేదని మాత్రమే అర్థం.

లోన్‌కి ఒక్కరోజు కూడా వెసులుబాటు లేదు. గడువు రోజు సాయంత్రం సిస్టం లెక్క కట్టేసరికి డబ్బు లేకపోతే ఆ రోజు నుంచే ఓవర్‌డ్యూ. క్రెడిట్ కార్డుకి మాత్రం గడువు తర్వాత మూడు రోజులు దాటితేనే బ్యూరోకి ఆలస్యమని పంపాలి, లేటు ఫీజు వేయాలి. అయితే మూడు దాటితే లెక్క గడువు తేదీ నుంచే, నాలుగో రోజు నుంచి కాదు.

ఇంకో రెండు సంగతులు.

చిరునామా మీది కాదు, పుట్టినతేదీ మాత్రం మీదే అన్నారు. పేరు కూడా గమనించండి. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. పాన్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఇద్దరు మనుషుల ఖాతాలు ఒకే రిపోర్టులో కలిసిపోయే అవకాశం ఉంది. ఆ లోన్ కేవైసీలో పాన్ నంబరు మీదేనా, లేక ఒక అక్షరం తేడాతో ఇంకొకరిదా అన్నది తప్పక అడగండి. మీదే అయితే మోసం, వేరేవాళ్లదైతే కలిసిపోవడం. డిస్ప్యూట్‌లో రాసే కారణం దాన్ని బట్టి మారుతుంది. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సరిచేసుకోండి, హోమ్ లోన్ కాగితాలప్పుడు కూడా పనికొస్తుంది.

రెండోది, డ్రాయరులో పడేసిన కార్డులు. వాడని కార్డుకి ఏడాది ఫీజు 500 పడుతుంది, జీఎస్టీతో 590. స్టేట్‌మెంట్ పాత ఈమెయిల్‌కి వెళ్తుంది, ఎవరూ చూడరు. ఆ 590కి డీపీడీ 90 దాటిపోతుంది. బ్యూరోకి 590 అయినా అయిదు లక్షలైనా ఆలస్యం ఆలస్యమే. అలాంటి కార్డు ఉంటే బాకీ కట్టి, మూసేయమని రాయండి. బాకీ లేని కార్డుని అడిగిన ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే ఆ తర్వాత రోజుకి 500 మీకివ్వాలి. ఆర్‌బీఐ 2022లో తెచ్చిన కార్డుల నిబంధన ఇది. 'కార్డులు మూయొద్దు' అన్న సలహా ఫీజు లేని పాత కార్డుకి సరే, ఫీజు పడే మూడో కార్డుని స్కోరు కోసం మోయక్కర్లేదు.

---

కొత్తిల్లు_ఆలోచన

జూలైలో రెండు కట్టిన మాట నిజమేనండీ, స్టేట్‌మెంట్ చూశాను. ఇంకొక్క సందేహం. ఎంక్వైరీలు ఏడూ ఏమవుతాయి? నేను మళ్లీ మళ్లీ స్కోరు చూసుకుంటే తగ్గుతుందా? లోన్‌లో మా ఆవిడ కూడా ఉంటుంది, ఆమెకి అసలు అప్పులే లేవు, కార్డూ లేదు.

---

లోన్‌డెస్క్_మాజీ

మీది మీరు చూసుకుంటే తగ్గదు. అప్పు ఇచ్చేవాళ్లు చూసిందే లెక్క. ఏడింటినీ తీసేయించలేరు, ఆ బటన్ కింద మీరు సమ్మతి ఇచ్చినట్టే రాసి ఉంటుంది. కొత్తవి చేరకపోతే వాటి బరువు నెలనెలా తగ్గుతుంది. కాబట్టి ఈ ఏడాదంతా ఏ యాప్‌లోనూ 'అర్హత' నొక్కొద్దు, ఫోను ఈఎంఐ వద్దు, 'తర్వాత చెల్లించండి' రకాలూ వద్దు, అవీ చిన్న చిన్న లోన్లుగానే ఎక్కుతాయి.

మీ ఆవిడగారి రిపోర్టులో స్కోరు బదులు 'ఎన్‌హెచ్' అనో మైనస్ 1 అనో ఉంటుంది. అది చెడ్డ స్కోరు కాదు, చరిత్ర లేదని మాత్రమే. టైముంది కాబట్టి ఆవిడ పేరు మీద 20,000 ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకోండి. ఆదాయం కాగితాలు, స్కోరు అడగరు. ఎఫ్‌డీకి వడ్డీ వస్తూనే ఉంటుంది. నెలకి లిమిట్‌లో పదో వంతు వాడి బిల్లు మొత్తం కట్టేలా ఆటో డెబిట్ పెట్టండి, మినిమం డ్యూకి కాదు. ఫారంలో ఆ రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి, తప్పు టిక్కు పడితే మళ్లీ వడ్డీ కథే. ఆరేడు నెలల బిల్లులు పడితే స్కోరు పుడుతుంది. ఈ 20,000 మీ నెలవారీ లెక్కలోంచి తీయకుండా ఇంకెక్కడైనా సర్దుకోగలిగితేనే, లేకపోతే ఆరో నెలలో చూసుకోండి.

సిబిల్ ఒక్కటే చూసి ఆగొద్దు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, బ్యాంకు ఏది తీస్తుందో మనకి తెలీదు. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, ఆయా సైట్లలోనే తీసుకోండి, మధ్యలో యాప్‌లు వద్దు. ఆ కన్జ్యూమర్ లోన్ ఒకదాంట్లో పోయి మిగతా మూడింట్లో మిగిలిపోయే ప్రమాదం ఉంది. సిబిల్ ఇప్పటికే తీశారు కాబట్టి ఇప్పుడు మిగతా మూడూ తీసి అక్కడ కూడా ఆ ఖాతా ఉందేమో చూడండి. సిబిల్ ఉచిత రిపోర్టు ఈ సంవత్సరానిది వాడేసి ఉంటే జనవరిలో మళ్లీ వస్తుంది, క్యాలెండర్ సంవత్సరం లెక్క.

బ్యాంకుల్లో మీ మొబైల్, ఈమెయిల్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. మీ రిపోర్టు ఎవరైనా తీసినా, మీ పేరున ఆలస్యం పంపినా ఎస్ఎంఎస్ రావాలి.

పదో నెలలో సిబిల్ మళ్లీ తీయండి. అప్పుడు చూడాల్సింది: రెండో కార్డు 'క్లోజ్డ్', కన్జ్యూమర్ లోన్ లేదు, మొదటి కార్డు బాకీ 8,000 లోపు, పర్సనల్ లోన్ వరసగా 000. స్కోరు ఎంతకి వస్తుందో ముందే చెప్పేవాళ్ల మాట నమ్మకండి, లెక్క కట్టే సూత్రం బయటికివ్వరు. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే ఫైలు కదులుతుంది. స్కోరుని బట్టి వడ్డీలో స్లాబులు పెట్టిన బ్యాంకులున్నాయి, కాబట్టి రెండు మూడు చోట్ల రేటు నోటితో అడిగి, ఒక్కచోటే అప్లై చేయండి.

శాంక్షన్ లెటర్ వచ్చాక కూడా ఆగండి. డబ్బు విడుదలకి ముందు చాలా బ్యాంకులు రిపోర్టు ఇంకోసారి తీస్తాయి. గృహప్రవేశానికని ఆ మధ్యలో ఫ్రిజ్జు, సోఫా ఈఎంఐలో తీసుకుంటే అర్హత లెక్క మళ్లీ మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ అయి చెక్కు చేతులు మారాకే ఆ కొనుగోళ్లు.